ఫ్రీబీఎస్‌డీ అప్‌డేట్: సర్వర్‌కి బైనరీ, ల్యాప్‌టాప్‌కి సోర్స్

ఇంట్లో ఫ్రీబీఎస్‌డీ అనే ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మెషిన్లు రెండున్నాయి. హాల్లో టీవీ స్టాండ్ కింద ఉండే పాత డెస్క్‌టాప్ మా సర్వర్. అందరి ఫోన్లలోని ఫొటోలు, అమ్మ మెడికల్ రిపోర్టుల స్కాన్లు, ఇంటి లెక్కలు అన్నీ అందులోనే, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మిర్రర్ మీద, అంటే రెండు హార్డ్‌డిస్కుల్లోనూ ఒకేలా, ఉంటాయి. రెండోది నేను రోజూ వాడే థింక్‌ప్యాడ్ టీ480. నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్. 2025లో సర్వర్‌ని బైనరీ దారిలో, అంటే ముందే కంపైల్ చేసి ఉన్న ఫైళ్లు దించుకుని, 14.2 నుంచి 14.3కి తెచ్చాను. ల్యాప్‌టాప్‌ని మాత్రం సోర్స్ కోడ్ నుంచి నేనే కంపైల్ చేసి, తర్వాతి 14 విడుదలలు పుట్టే స్టేబుల్ 14 శాఖ మీదికి మార్చాను.

ఏ దారి మంచిదని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ మెషిన్‌లో మీరు ఏదైనా మార్చాలనుకుంటున్నారా? మార్చేది ఉంటే సోర్స్, లేకపోతే బైనరీ. వేగం కోసమైతే సోర్స్ జోలికి పోవద్దు. ప్రాసెసర్‌కి తగ్గట్టు సీపీయూటైప్ అనే సెట్టింగ్ పెట్టి కంపైల్ చేసినా రోజువారీ వాడకంలో నాకు తేడా ఏమీ తెలియలేదు.

సర్వర్ సంగతి

14.3 విడుదలైంది 2025 జూన్ 10న. 14.2కి సెక్యూరిటీ ప్యాచ్‌లు సెప్టెంబర్ 30తో ఆగిపోతాయని ముందే ప్రకటించారు. పాయింట్ విడుదలల్లో పద్ధతే అది: కొత్తది వచ్చాక పాతదానికి దాదాపు మూడు నెలల గడువు ఉంటుంది. కాబట్టి ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను.

బైనరీ దారికి వాడే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ అనే పనిముట్టు రాసింది ఫ్రీబీఎస్‌డీ డెవలపర్ కోలిన్ పెర్సివల్. 2007లో వచ్చిన 6.2 విడుదల నుంచి ఇది బేస్ సిస్టమ్‌లోనే, అంటే ఫ్రీబీఎస్‌డీతో పాటే వచ్చే భాగంలోనే, ఉంది. మారిన ఫైలుని మొత్తంగా దించదు, పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ మధ్య తేడా మాత్రమే దించి, మన దగ్గరున్న ఫైలు మీద ఆ తేడాను అతికిస్తుంది. ఆ తేడా తీసే బీఎస్‌డిఫ్ కూడా ఆయన రాసిందే. నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లో ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

చేసే పని కొంచెమే. ముందు ఉన్న వెర్షన్‌కి ప్యాచ్‌లన్నీ పెట్టుకుని, తర్వాత అప్‌గ్రేడ్ కమాండ్‌కి 14.3-రిలీజ్ అని చెప్పాలి. ఇన్‌స్టాల్ అన్నది మొదటిసారి కొడితే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మారుతుంది. రీబూట్ చేసి రెండోసారి కొడితే మిగిలిన ఫైళ్లు మారతాయి. పాత లైబ్రరీలు ఏవైనా మిగిలితే ప్యాకేజీలు సరిచూసుకుని మూడోసారి కొట్టమని అదే చెబుతుంది. మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఇంకో మెషిన్ నుంచి లాగిన్ అవ్వనిచ్చే సర్వీస్) కాన్ఫిగ్ దగ్గర ఆగి, నేను మార్చిన లైన్లనీ కొత్తగా వచ్చిన లైన్లనీ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఎడిటర్ తెరిచింది. అక్కడ తొందరపడకూడదు. రెండింటినీ వేరుచేసే బాణం గుర్తుల లైన్లు ఒక్కటి మిగిలిపోయినా ఎస్‌ఎస్‌హెచ్ లేవదు, సర్వర్‌కి మానిటర్ తగిలించుకోవాల్సి వస్తుంది. చివరి నుంచి మొదటికి ఒకసారి చదివాకే సేవ్ చేశాను.

ప్యాచ్ పెట్టిన తర్వాత చాలామంది కంగారుపడే చోటు ఒకటుంది. వెర్షన్ చెప్పే యూనేమ్ కమాండ్ కొడితే పాత ప్యాచ్ నంబరే చూపిస్తుంది. యూనేమ్ చెప్పేది నడుస్తున్న కెర్నెల్ సంగతి. ప్యాచ్ కెర్నెల్‌ని ముట్టుకోకపోతే ఆ నంబరు మారదు. ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్ కమాండ్‌కి కె, ఆర్, యు అనే మూడు అక్షరాలు ఇస్తే డిస్క్ మీది కెర్నెల్, నడుస్తున్న కెర్నెల్, యూజర్‌ల్యాండ్ (కెర్నెల్ కాకుండా మిగతా బేస్ ప్రోగ్రాములు) మూడింటి వెర్షన్లూ విడివిడిగా చూపిస్తుంది. ఆ మూడు లైన్లు చూసుకుంటే టెన్షన్ ఉండదు.

జైళ్లు, అంటే ఒకే మెషిన్‌లో విడివిడిగా నడిచే చిన్న సిస్టమ్‌లు, ఉన్నవాళ్లు హోస్ట్ (వాటిని నడిపే అసలు సిస్టమ్) అయ్యాకే వాటికి వెళ్లాలి. జైలు వాడేది హోస్ట్ కెర్నెల్‌నే కాబట్టి, లోపలి యూజర్‌ల్యాండ్ కెర్నెల్ కంటే కొత్తది కాకూడదు. మొత్తం పని టిఫిన్ వేళకి అయిపోయింది.

ల్యాప్‌టాప్ సంగతి

దీనికి సోర్స్ ఎందుకంటే వై-ఫై వల్ల. ఇందులో ఉన్నది ఇంటెల్ కార్డు. 14.2లో ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్ పాత 802.11ఏ, జీ పద్ధతుల్లోనే పనిచేసేది, అంటే సిద్ధాంతం ప్రకారమే 54 మెగాబిట్లు దాటదు. వాటికంటే వేగమైన 802.11ఎన్, ఏసీ మద్దతు 14.3లో వచ్చింది. విడుదల కంటే ముందే ఆ కోడ్ స్టేబుల్ 14 శాఖలో చేరింది. ఫ్రీబీఎస్‌డీలో మార్పు మొదట మెయిన్‌లో పడుతుంది, కొన్నాళ్లు నలిగాక స్టేబుల్‌కి దిగుతుంది, అక్కడి నుంచే విడుదల శాఖ చీలుతుంది. స్టేబుల్‌ని అంటిపెట్టుకుంటే విడుదల తేదీ కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ స్టేబుల్‌ని పట్టించుకోదు, అది విడుదలలకే. నాకు మిగిలిన దారి గిట్‌తో సోర్స్ దించుకుని కట్టుకోవడం.

మొదటి పని బీఈసీటీఎల్ కమాండ్‌తో కొత్త బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఇప్పుడున్న సిస్టమ్‌కి బూట్ చేయగల నకలు, తీసి పెట్టుకోవడం. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద బైనరీ అప్‌డేట్ దీన్ని తనంతట తానే చేస్తుంది. సోర్స్ దారిలో మనమే చేసుకోవాలి. బూట్ కాకపోతే లోడర్ మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే చాలు.

తర్వాత అప్‌డేటింగ్ అనే ఫైలు. సోర్స్ ఫోల్డర్‌లో పైనే ఉంటుంది, కొత్త సంగతులు మొదట్లో తేదీలతో ఉంటాయి. ఏ డ్రైవర్ పేరు మారింది, ఏ ఆప్షన్ తీసేశారు, ఏ వరస తప్పనిసరి అన్నది డెవలపర్లు అక్కడే రాస్తారు. నాకు ఈ హాబీలో అన్నిటికంటే ఇష్టమైన చదువు ఇదే. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో దాన్ని చేసేవాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

కంపైల్ టైమ్‌లో సింహభాగం మింగేది ఎల్‌ఎల్‌వీఎం, క్లాంగ్. ఇవి బేస్ సిస్టమ్‌లో భాగం, కాబట్టి కంపైలర్‌ని కూడా కంపైల్ చేయాల్సిందే. బిల్డ్ సెట్టింగులుండే ఎస్‌ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఎల్‌ఎల్‌వీఎం టార్గెట్ ఆల్ వద్దని రాశాను, ఎందుకంటే ఈ ల్యాప్‌టాప్‌లో కూర్చుని ఆర్మ్, పవర్‌పీసీలకు కోడ్ తయారుచేసే పని నాకు లేదు. 32 బిట్ లైబ్రరీలు, డీబగ్ ఫైళ్లు కూడా వద్దన్నాను. మెటా మోడ్ పెట్టుకుని ఫైల్‌మాన్ మాడ్యూల్ లోడ్ చేస్తే తర్వాతిసారి మారినవాటినే కంపైల్ చేస్తుంది. నెలనెలా కట్టేవాళ్లకు అది తప్పనిసరి అంటాను.

ఎనిమిది థ్రెడ్లున్నాయి కదా అని ఒకేసారి ఎనిమిది పనులు నడిపే జే8 ఇవ్వలేదు, జే6 ఇచ్చాను. క్లాంగ్‌లోని పెద్ద ఫైళ్లు ఒక్కోటి కంపైల్ అయ్యేటప్పుడు మెమరీ బాగా లాగుతాయి, 8 జీబీతో ఎనిమిది ఒకేసారి నడిస్తే డిస్క్ మీది స్వాప్‌లోకి పోయి ఇంకా ఆలస్యమవుతుంది. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే రాత్రి భోజనాలయ్యాక బిల్డ్‌వరల్డ్ (యూజర్‌ల్యాండ్‌ని కట్టేది), బిల్డ్‌కెర్నెల్ ఒకదాని వెనక ఒకటి పెట్టి, ల్యాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు ఎత్తుపెట్టి, ఛార్జర్‌ని ఇన్వర్టర్ లైన్‌కి తగిలించి పడుకున్నాను. పొద్దున్నకి అవుట్‌పుట్ చివర్లో కంప్లీటెడ్ అన్న లైన్ ఉంది.

ఇక్కడి నుంచి వరస ముఖ్యం. ముందు ఇన్‌స్టాల్‌కెర్నెల్, తర్వాత రీబూట్, ఆ తర్వాతే ఇన్‌స్టాల్‌వరల్డ్. కొత్త కెర్నెల్ పాత ప్రోగ్రాములను నడపగలదు. పాత కెర్నెల్ మీద కొత్త ప్రోగ్రాములు నడవాలంటే, అవి అడిగే సిస్టమ్ కాల్ దానిలో లేకపోవచ్చు. ఇన్‌స్టాల్‌వరల్డ్‌కి ముందు, కాన్ఫిగ్ ఫైళ్లను కలిపే ఈటీసీఅప్‌డేట్‌ని పీ ఆప్షన్‌తో, తర్వాత బీ ఆప్షన్‌తో నడపాలి. చివర్లో మేక్ డిలీట్-ఓల్డ్. అది ఒక్కో ఫైలుకీ తీసేయాలా అని అడుగుతుంది, బ్యాచ్ ఆప్షన్ ఇస్తే అడగదు. పాత లైబ్రరీలను తీసేసే డిలీట్-ఓల్డ్-లిబ్స్‌ని మాత్రం ప్యాకేజీలన్నీ నడుస్తున్నాయని చూసుకున్నాకే కొట్టాలి.

ఒక ముఖ్యమైన సంగతి గ్రాఫిక్స్. ఇంటెల్ డిస్‌ప్లే డ్రైవర్ డీఆర్‌ఎం-61-కేమాడ్ బేస్‌లో లేదు, పోర్ట్స్ (బయటి సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ నుంచి కట్టుకునే సేకరణ) నుంచి వస్తుంది. కెర్నెల్ మాడ్యూల్ కాబట్టి ఏ కెర్నెల్‌కి కంపైల్ అయితే దానితోనే నిశ్చింతగా పనిచేస్తుంది. ప్యాకేజీగా దొరికేది విడుదల కెర్నెల్‌కి కట్టింది, నాది స్టేబుల్. మేక్ డాట్ కాన్ఫ్‌లో పోర్ట్స్ మాడ్యూల్స్ అన్న లైన్‌లో దాని పేరు రాస్తే, కెర్నెల్ కట్టిన ప్రతిసారీ దాన్ని కూడా కట్టి ఇన్‌స్టాల్ చేస్తుంది. పోర్ట్స్ ట్రీ కూడా తాజాగా ఉంచుకోవాలి. ఈ ఒక్క లైన్ ఉంటే రీబూట్ తర్వాత నల్ల స్క్రీన్ భయం ఉండదు.

వై-ఫై ఇప్పుడు ఏసీలో కలుస్తోంది. సర్వర్ నుంచి ఫొటోల ఫోల్డర్ కాపీ చేసేటప్పుడు తేడా కళ్లకు కనిపిస్తోంది.

తర్వాతి పని

2025 డిసెంబర్‌లో వచ్చిన 15.0లో బేస్ సిస్టమ్‌ని కూడా పీకేజీ అనే ప్యాకేజీ మేనేజర్‌తో వాడే ప్యాకేజీలుగా ఇస్తున్నారు, ఇన్‌స్టాలర్‌లోనే ఆ పద్ధతి ఎంచుకోవచ్చు. కెర్నెల్ నుంచి బ్రౌజర్ దాకా అన్నీ ఒకే కమాండ్‌తో అప్‌డేట్ అవుతాయి. అంతకంటే నాకు నచ్చిందేమిటంటే, సోర్స్ నుంచి కట్టేటప్పుడు మేక్ ప్యాకేజెస్ కొడితే మన సొంత బేస్ ప్యాకేజీలు తయారవుతాయి. ల్యాప్‌టాప్‌లో ఒకసారి కట్టి, ఆ ఫోల్డర్‌ని సర్వర్‌కి రిపోజిటరీగా చూపిస్తే, సర్వర్ దృష్టిలో అది మామూలు బైనరీ అప్‌డేటే. రెండు దారులూ కలిసే చోటు అదే.

14 శాఖకి 2028 నవంబర్ 30 దాకా మద్దతుంది కాబట్టి సర్వర్‌ని ఇప్పుడే కదపను. ముందు బీహైవ్‌లో వర్చువల్ మెషిన్ పెట్టి, అందులో 15.0ని ప్యాకేజీ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి, సొంత రిపోజిటరీతో అప్‌డేట్ చేసి చూస్తాను. కెర్నెల్ మారినప్పుడు బూట్ ఎన్విరాన్‌మెంట్‌ని ఏ దశలో తీసుకోవాలో, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌ని ప్యాకేజీ ఎలా కలుపుతుందో అక్కడ తేల్చుకున్నాకే సర్వర్ దగ్గరికి వెళతాను.