ఫాతిమా క్లీవ్‌లాండ్ కార్డు: మూడోసారీ వంపు తిరిగొచ్చింది

వంపు తిరిగిన పాత ఫోటో కార్డును చదును చేసే మూడో ప్రయత్నమూ పోయింది. బరువు కింద నుంచి తీసినప్పుడు వంపు 2 మి.మీ. ఉంది. నాలుగు రోజుల్లో 11కి లేచింది. మొదట్లో ఉన్నదే 14.

ఇది 1913లో ఫాతిమా సిగరెట్లతో వచ్చిన టీమ్ కార్డు, అమెరికా బేస్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ నాప్స్‌ది. పేరున్న ఆటగాళ్లు నాప్ లజోయ్, షూలెస్ జో జాక్సన్ ఒకే ఫ్రేములో ఉన్నారు కాబట్టి 16 జట్ల సెట్టులో సేకర్తలకు ఇదంటే ప్రాణం. అచ్చేసిన బొమ్మ కాదు, అసలు ఫోటోనే; 2⅝ × 4¾ అంగుళాలు, కాగితం మరీ పల్చన. గాలి పొడిబారితే ముందువైపు, బొమ్మ ఉన్న జెలటిన్ పొర కాగితం కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది, అంచులు ఎండలో అప్పడంలా లేస్తాయి. అలా లేచినదాన్ని చేత్తో నొక్కితే పొర పగిలి తెల్లగీత పడుతుంది. ఆ గీతకు మందు లేదు.

అందుకే ముందు తేమ పట్టించి మెత్తబరిచి, తర్వాత బరువు కింద పెట్టాలి. మొదటిసారి తేమ డబ్బాలో 68 శాతం దగ్గర 3 గంటలు ఉంచితే మధ్యభాగం మెత్తబడనే లేదు. రెండోసారి 85 శాతం, 8 గంటలు. అది మరీ ఎక్కువ: జెలటిన్ జిగటైంది, బ్లాటర్ (తేమ పీల్చే మందపాటి కాగితం) నేరుగా తగిలిన మూలలో మెరుపు పోయి గరుకు అచ్చు పడింది. ఈసారి 80 శాతం, 5 గంటలు. రెండు వైపులా హాలీటెక్స్ (అంటుకోని పల్చటి పాలిస్టర్ గుడ్డ), ఆపైన బ్లాటర్లు, 6 మి.మీ. అద్దం, 2 కిలోల బరువు. బ్లాటర్లు అరగంటకు, రెండు గంటలకు, మర్నాడు మార్చి, ఏడు రోజులు కదపలేదు. (తేమ కొలిచే చౌక హైగ్రోమీటర్ని నమ్మొద్దు. తడి ఉప్పుతో మూసిపెడితే 75 చూపాలి, ఇది 69 చూపింది. పై అంకెలన్నీ ఆ 6 కలిపినవే.)

అయినా ఎందుకు లేచింది? హీటర్ నడిచే గదిలో తేమ 23 శాతమే, అది ఒక కారణం. కానీ అదొక్కటే అయితే నాలుగు మూలలూ సమానంగా లేవాలి. ఎడమవైపు 11, కుడివైపు 5. ఎడమ వెనకాల పాత ఆల్బమ్ జిగురు మరక ఉంది, 18 × 40 మి.మీ., వేలితో తాకితే గాజులా గట్టిగా తగులుతుంది. వంపు గీత సరిగ్గా దాని అంచునే మొదలవుతోంది. అసలు దోషి ఆ జిగురేనని నా గట్టి అనుమానం: అది ఉన్నంతమేర వెనక కాగితానికి తేమ సరిగా అందడం లేదు.

ప్రస్తుతానికి కార్డు తేమను 49 శాతం దగ్గర నిలిపే బోవేడా ప్యాకెట్‌తో మూసిన డబ్బాలో ఉంది. తేమ తగ్గిపోకుండా నిలబెట్టడానికి సిలికా జెల్ కన్నా ఇదే మేలు. వంపు ఉన్న కార్డును టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి దూర్చడం మాత్రం శుద్ధ తప్పు. పీవీసీ కవర్లు అసలే వద్దు.



ఇక జిగురు మీద 4 శాతం మిథైల్ సెల్యులోజ్ (నీళ్లను పట్టి ఉంచే చిక్కటి జెల్) పట్టీ వేసి, పది నిమిషాలకోసారి ఎత్తి చూస్తూ, మెత్తబడ్డంత వరకే గీకాలి. నీళ్లు ముందువైపుకు దిగితే జెలటిన్ ఉబ్బుతుంది. అందుకే ముందు అదే కాలపు పనికిరాని ఫోటో మీద. ఇది కుదిరితే సర్కుట్ అనే తిరిగే కెమెరాతో తీసిన, చుట్టలా చుట్టుకుపోయిన మూడడుగుల టీమ్ పనోరమాలకు ధైర్యం చేయొచ్చు. వాటికి డబ్బా నాలుగడుగులు కావాలి, అందులో ఫోటోను పెట్టే జాలీ కూడా అంతే పొడుగు.