సైకో మొహం అంటూ ఒకటి ఉంటుందా?

ఈమధ్య రీల్స్ తెరిస్తే చాలు, కళ్లు చూసి సైకోపాత్‌ని (అంటే జాలీ పశ్చాత్తాపం లేకుండా ఎదుటివాళ్లని వాడుకునే మనిషిని) కనిపెట్టడం ఎలాగో ఎవరో ఒకరు చెప్పేస్తున్నారు. రెప్ప వేయకుండా చూస్తే డేంజరట, నల్లగుడ్డు చుట్టూ తెల్లగా కనిపిస్తే ఇంకా డేంజరట. మా ఇంటి గ్రూప్‌లోకీ అలాంటిదొకటి వచ్చింది, దాని కింద మా పిన్ని "మన వీధి చివర అద్దెకుండే అతను అచ్చం ఇలాగే చూస్తాడే" అని పెట్టింది. అతనికి థైరాయిడ్ ఉందండీ. అది ఎక్కువైతే కొందరికి పైరెప్ప పైకి లాగేసి కళ్లు గుచ్చిచూస్తున్నట్టు అవుతాయి, అంతే.

ఈ పిచ్చి పాతదే. ఇటలీలో చెజారె లాంబ్రోసో అనే డాక్టరు, విల్లెల్లా అనే ఖైదీ చనిపోయాక పుర్రె పరీక్షిస్తే వెనకవైపు లోపల మామూలుగా ఉండని చిన్న గుంట కనిపించింది. దాన్ని పట్టుకుని, నేరస్తుడంటే ఆదిమ మానవుడి దశకి వెనక్కి జారిపోయిన మనిషి అని సిద్ధాంతం అల్లేసి 1876లో పుస్తకం వేశాడు: పెద్ద దవడ, చేటంత చెవులు, పల్చటి గడ్డం, పొడుగు చేతులు ఉంటే పుట్టు నేరస్తుడే. ఇంగ్లండ్‌లో చార్లెస్ గోరింగ్ దాదాపు మూడు వేల మంది ఖైదీల కొలతలు తీసి 1913లో తేల్చిందేమిటంటే, వాళ్లు సగటున కాస్త పొట్టిగా, బక్కగా ఉన్నారు తప్ప నేరస్తుల శరీరం అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. (పుట్టుకతో దొంగలు అనే ముద్ర మనకూ కొత్త కాదు, కొన్ని తెగలని మొత్తంగా నేరస్తులనేసిన, 1871లో బ్రిటిష్ వాళ్లు మొదలుపెట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం సంగతి స్టూవర్టుపురం వాళ్లని అడగండి.)

అయితే ఒంట్లో అసలు తేడాయే ఉండదా అంటే, ఉంటుంది. కాసేపట్లో షాక్ కొడుతుందని ముందే చెప్పి కూర్చోబెడితే మనకి అరచేతులు చెమటలు పడతాయి, సైకోపతీ లక్షణాలు ఎక్కువున్న వాళ్లకి ఆ టెన్షన్ తక్కువ. కానీ అది మెషీన్‌కి తెలిసే తేడా, అదీ గుంపు మొత్తం మీద సగటు. ఒక్క మనిషిని పట్టుకుని నువ్వు ఫలానా అనడానికి పనికిరాదు. కాలిఫోర్నియాలో జేమ్స్ ఫాలన్ అనే బ్రెయిన్ సైంటిస్ట్ తన ఇంట్లోవాళ్ల స్కాన్లు చూస్తుంటే ఒకటి అచ్చం సైకోపాత్‌ల మెదడులా కనిపించింది, తీరా చూస్తే అది ఆయనదే! ఆయన ఏ హత్యా చేయలేదు, శుభ్రంగా ప్రొఫెసర్ ఉద్యోగం చేసుకున్నాడు.

నన్నడిగితే మొహం చదవడంలో అసలు ప్రమాదం రెండోవైపు ఉంది. అమెరికాలో ఎంతోమంది ఆడవాళ్లని చంపిన టెడ్ బండీ చూడ్డానికి బాగుండేవాడు, లా చదివాడు. 1974లో ఒక సరస్సు దగ్గర చేతికి కట్టు కట్టుకుని, నా పడవ కారుకి ఎక్కించాలి, కాస్త సాయం పడతారా అని ఆడపిల్లల్ని మర్యాదగా అడిగాడు. వెళ్లిన ఇద్దరూ తిరిగి రాలేదు. అతనికి మరణశిక్ష వేసిన జడ్జి కూడా నువ్వు మంచి లాయరువి అయ్యేవాడివి అన్నట్టు మాట్లాడాడు.

ఇప్పుడు సైకాలజిస్టులు ఎక్కువగా వాడేది రాబర్ట్ హేర్ చెక్‌లిస్ట్. 20 అంశాలు, 40 మార్కులు, అమెరికాలో 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకోపాత్ కింద లెక్క. అందులో కళ్లు, చెవులు, దవడ గురించి ఒక్క ముక్క లేదు. అబద్ధాలు, పశ్చాత్తాపం లేకపోవడం, ఎదుటివాళ్ల మీద పడి బతకడం, ఇలాంటివే. మొదటి అంశమే పైపై మాటకారితనం, అందుకే గంటలకొద్దీ మాట్లాడినా సరిపోదు, మనిషి పాత రికార్డులన్నీ పక్కన పెట్టుకుని సరిచూడాలి, లేకపోతే ఇంటర్వ్యూ చేసేవాళ్లనే బుట్టలో వేసేస్తారు.