చేప పట్టుకున్న అతిదూత

అమ్మకి గ్లకోమా. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంటికి ఎదురుగా ఉన్నది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనిపిస్తుంది. విజయవాడ నుంచి ఆల్బుకర్కీలో ఉన్న నా దగ్గరికి వచ్చిన వారానికే అడిగింది, "ఇక్కడ మన గుణదల లాంటి చోటు ఏమైనా ఉందా నాన్నా, నడిచి వెళ్ళేది?"

ఉంది. న్యూ మెక్సికో కొండల్లో చిమయో అనే పల్లె. ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారంలో సుమారు 30,000 మంది అక్కడికి నడిచి వెళ్తారు. కొందరైతే ఆల్బుకర్కీ నుంచే, దాదాపు 90 మైళ్ళు. మేము చివరి నాలుగు మైళ్ళు నడుద్దామనుకున్నాం.

ముందు రోజు శాంటా ఫేలో సాన్ మిగెల్ గుడికి వెళ్ళాం. మట్టి ఇటుకలతో కట్టిన గుడి. 1680లో ఇక్కడి ఆదివాసులైన ప్యూబ్లో ప్రజలు స్పెయిన్ పాలన మీద తిరగబడినప్పుడు ఇదీ కాలింది. తమ పూజల్ని నిషేధించి, వెట్టిచాకిరీ చేయించుకున్నవాళ్ళ మీద వాళ్ళకి వచ్చిన ఆ కోపం న్యాయమైనదే. అక్కడ మోకరించినప్పుడు కూడా ఆ సంగతి నా మనసులో ఉంది. గుడిని 1710లో మళ్ళీ కట్టారు. పీఠం వెనక 1798 నాటి రంగుల చెక్క తెర, దాని మధ్య గూటిలో అతిదూత, అంటే దేవదూతల్లో పెద్ద, మిఖాయేలు. మెక్సికోలో చెక్కిన స్వరూపం. గుడి బాగుచేయడానికి చందాల కోసం 1709లో ఈ స్వరూపాన్నే ఊరూరా తిప్పారని చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. "అయితే ఈయన కూడా నడిచినాయనే" అంది.

ఆ రోజుల్లో మెక్సికో నగరం నుంచి ఇక్కడికి నెలల తరబడి బండి ప్రయాణం. అన్ని గుళ్ళకీ, అన్ని ఇళ్ళకీ అంత దూరం నుంచి స్వరూపాలు ఎలా వస్తాయి? అందుకని ఇక్కడివాళ్ళే చెక్కడం మొదలుపెట్టారు. చెక్కేవాళ్ళని సాంతేరోలు అంటారు, చెక్క స్వరూపాన్ని బుల్తో అంటారు. కాటన్‌వుడ్ చెట్టు వేరు తీసుకుంటారు. తేలిక, మెత్తన. చేతులు, రెక్కలు విడిగా చెక్కి అతికిస్తారు. పైన జిప్సం, జంతువుల జిగురు కలిపిన తెల్లటి పూత, ఆ మీద మట్టి రంగులు, చివరికి పిన్యోన్ అనే పైన్ చెట్టు బంకతో మెరుగు. నాకు కొండపల్లి గుర్తొచ్చింది. తెల్ల పొనికి చెక్క, చింతగింజల మక్కు, సున్నం పూత. ఎక్కడి చెయ్యి అయినా తేలిక చెక్కనే వెతుక్కుంటుందేమో.

మిఖాయేలుకి కత్తీ త్రాసూ ఉంటాయి. ఇంకో అతిదూత రఫాయేలుకి బాటసారి కర్ర, చేతిలో చేప. కతోలిక బైబిల్లోని తోబితు గ్రంథం చదివినవాళ్ళకి ఆ చేప ఎందుకో తెలుసు. కుర్రవాడు తోబియాకి దారిలో తోడుగా నడిచి, చేప పిత్తంతో అతని తండ్రి చూపు తిరిగి వచ్చేలా చేసినవాడు రఫాయేలే. అమ్మ అసలు ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. తను నోరు తెరిచి చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. చలిగాలి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. భుజాల మీద శిలువలు మోసేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, దారి పక్క నారింజపళ్ళూ నీళ్ళూ ఇచ్చేవాళ్ళు. చిమయో గుడి 1816 నాటిది. బెర్నార్దో అబెయ్‌తా అనే ఆయన కట్టించాడు. చాలాసేపు లైన్లో నిలబడ్డాక పక్కగదిలోకి వెళ్ళాం. నేలలో చిన్న గుంట, అందులో పవిత్రమైన మట్టి. అమ్మ కళ్ళు మూసుకుని రెప్పల మీద అద్దుకుంది. చుక్కల మందు మాత్రం మాననివ్వను అన్నాను. "నేనెందుకు మానతాను?" అంది.

మర్నాడు దగ్గర్లోనే ఉన్న కోర్దోవా వెళ్ళాం. ఈ ఊరి పనితనం వేరు. హోసే దోలోరెస్ లోపెజ్ (1868–1937) ఇక్కడ రంగు వేయకుండా చెక్కడం మొదలుపెట్టాడు. రంగుకి బదులు కత్తి మొనతో గాట్లు, గీతలు, ఆకులు. కొడుకు జార్జ్ లోపెజ్‌కి 1982లో అమెరికా ప్రభుత్వ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. ఇప్పటికీ ఊళ్ళో ఆ పద్ధతిలో చెక్కేవాళ్ళు ఉన్నారు.

మేము వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన రఫాయేలుని చెక్కుతున్నాడు. అమ్మ కంటి సంగతి చెప్పగానే స్వరూపాన్ని తీసి ఆవిడ ఒళ్ళో పెట్టేశాడు. ముందు రెండు రోజులూ గుళ్ళల్లో రంగులు అమ్మకి మసకగానే కనిపించాయి. ఇక్కడ వేళ్ళకి అన్నీ దొరికాయి. అంగీ అంచు, కర్ర, రెక్క మీద ఒక్కో ఈక. చేప దగ్గరికి వచ్చి పొలుసులు తడుముతూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు అని తెలుగులో, పైకే.

ఆయనకి తెలుగు రాదు, అమ్మకి స్పానిష్ రాదు. ఆయన మెల్లగా అమ్మ చెయ్యి పట్టుకుని రెండో రెక్క మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఈకలు ఇంకా చెక్కలేదు. నున్నగా ఉన్న ఆ చోట అమ్మ వేళ్ళు చాలాసేపు ఆగాయి.