పండగ పూట హాల్లో పుస్తకం

14 జనవరి 2025, మంగళవారం, తెనాలి

పండగ పూట పుస్తకం పట్టుకుని కూర్చుంటే మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే మాత్రం ఊరుకోరు. "ఒంట్లో బాగాలేదా?" అని అమ్మ వస్తుంది, "అక్కకి కోపం వచ్చినట్టుంది" అని తమ్ముడు అంటిస్తాడు. అందుకని పొద్దున్నే తలంట్లు, పూజ అయ్యాక పుస్తకాల సంచీ హాల్లోకే తెచ్చుకుని, టీవీకి ఎదురుగా ఉన్న దివాన్ మీద గోడవైపు మూల పట్టాను.

ఈ పుస్తకాలు ఆదివారం కొన్నవి. విజయవాడ పుస్తక మహోత్సవానికి అదే ఆఖరి రోజు. ఈసారి రెండో తారీఖు నుంచి పన్నెండు దాకా ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో పెట్టారు. 1989లో మొదలైందట, ఇది 35వది. నాకు మాత్రం పుస్తకాల పండగ అంటే ఇప్పటికీ స్వరాజ్ మైదానమే. అక్కడిప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబడి ఉంది, పుస్తకాలు పక్కకి జరిగాయి. ఆఖరి రోజు వెళ్లడం నాకు అలవాటు. కావలసినవి కొన్ని అయిపోయి ఉంటాయి, నిజమే. కానీ స్టాళ్లవాళ్లు అప్పటికి అలిసిపోయి ఉంటారు. మిగిలినవి మళ్లీ అట్టపెట్టెల్లో సర్దుకోవడం కంటే పదో పరకో తగ్గించి మనకి అంటగట్టడమే నయమనుకుంటారు. 350 రూపాయల అనువాద నవల పది శాతం పోగా 315కి రావాలి. అతను మూడొందలు తీసుకుని, "సంచీ మాత్రం అడక్కండి మేడం" అన్నాడు.

ఆ నవలతోనే మొదలుపెట్టాను. ఒకచోట నాలుగు పేజీలు పై అంచున కోయకుండానే బైండింగ్‌కి వెళ్లిపోయినట్టున్నాయి, అతుక్కుని ఉన్నాయి. మేనల్లుడి స్కేలు తీసుకుని నెమ్మదిగా చీల్చాను. అంచు కాస్త నూగునూగుగా లేచింది. లోపల మూసుకుపోయిన రెండు పేజీల్నీ ఈ కాపీలో నాకంటే ముందు ఎవరూ చదవలేదన్న మాట. ఇలాంటి వాటికి చిన్నపిల్లలా సంబరపడతాను, ఏం చేస్తాం.

చదువుకోవడానికి సంక్రాంతి రోజులంత మంచివి ఇంకేవీ లేవని నా గట్టి నమ్మకం. పెద్ద కారణమేమీ లేదు, ఫ్యాన్ వేయక్కర్లేదు. వేసవిలో ఒక చేత్తో పేజీ అణచిపట్టుకోవాలి, ఇంకో చేత్తో చెమట తుడుచుకోవాలి. ఇప్పుడు దుప్పటి కాళ్ల మీద కప్పుకుంటే చాలు, పేజీ తిప్పిన చోటే ఉంటుంది. ఇంకో చెయ్యి అరిసెలకి ఖాళీ. "ఆ నూనె చేతులతో కొత్త పుస్తకం ముట్టుకోకు" అని అమ్మ వంటింట్లోంచే కేకేసింది. అప్పటికే నలభయ్యో పేజీలో ఒక నువ్వుగింజ ఇరుక్కుపోయింది.

టీవీలో పొద్దుట్నుంచీ సంక్రాంతి స్పెషల్. సెట్టు నిండా చెరుకుగడలు, వరికంకులు, ప్లాస్టిక్ బంతిపూలు. కొత్తల్లుడి వేషంలో ఒక కమెడియన్, అతన్ని ఆటపట్టించే మరదళ్లు. ఇలాంటివి పండక్కి ముందే హైదరాబాద్ స్టూడియోల్లో తీసి పెట్టుకుంటారని అమ్మకి తెలుసు. అయినా యాంకరమ్మాయి చేతులు జోడించి శుభాకాంక్షలు చెప్పగానే, జంతికల గొట్టం తిప్పుతూనే "మీకూనమ్మా" అంది. తమ్ముడు నవ్వితే, "నోరారా చెప్తే మన సొమ్మేం పోయింది" అని వాడి నోరు మూయించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రిమోట్ నాన్న చేతికి వెళ్లింది. ఆయన వెతికి వెతికి విజయా వారి పాత నలుపు తెలుపు సినిమా పట్టుకున్నారు. టీవీ వచ్చి పుస్తకాన్ని చంపేసిందని సభల్లో అన్నప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొస్తుంది. నాగిరెడ్డిగారితో కలిసి విజయా సంస్థని నడిపిన చక్రపాణిగారు మా తెనాలాయనే. బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగులోకి తెచ్చిందీ ఆయనే, సినిమాలు తీసిందీ ఆయనే. 1947 జూలైలో చందమామ మొదలుపెట్టిందీ వాళ్లిద్దరే. ఆ చందమామని 1952 నుంచి 1980 దాకా నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ ఈ ఊరే. ఆయన కథలు రాస్తూనే సినిమాల మీద కూడా బోలెడు వ్యాసాలు రాశారు. వీళ్లెవరికీ లేని పేచీ మనకెందుకో అర్థం కాదు. చదివేవాళ్లు తగ్గారంటే ఒప్పుకుంటాను, ఆ నేరమంతా పండగ సినిమా నెత్తిన పెడితే ఒప్పుకోను. మా మేనల్లుడు టీవీ వైపూ చూడడు, నేను కొన్న బొమ్మల పుస్తకం వైపూ చూడడు. వాడి లోకం ఆ ఫోనే.

ఇక ప్రకటనలు. గంటకి పన్నెండు నిమిషాలకి మించకూడదని రూలుంది. పది నిమిషాలు వ్యాపార ప్రకటనలకి, రెండు నిమిషాలు ఛానల్ సొంత డప్పుకి. పండగపూట ఆ లెక్క ఎవరు చూస్తారో గానీ, నాకైతే అవి వరం. బ్రేక్ రాగానే నాన్న సౌండ్ పూర్తిగా తీసేస్తారు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయన చిన్న అక్షరాలు ఎక్కువసేపు చదవలేకపోతున్నారు. మొదటి బ్రేక్‌లో "ఏం పుస్తకమది?" అన్నారు. రెండో బ్రేక్‌లో "ఏదీ, ఓ పేజీ పైకి చదువు" అన్నారు. చదివాను. ముసలావిడ ఒంటరిగా పెద్ద ఇంట్లో ఉంటుంది, కొడుకులు ఇల్లు అమ్మేద్దామని వస్తారు. అదీ కథ. నేను మంచి పట్టు మీద ఉండగా సినిమా మొదలైంది, నాన్న టక్కున సౌండ్ పెంచేశారు. వాక్యం సగంలో నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను.

అలాగే సాయంత్రం దాకా. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త. చివరికి అమ్మకి రెండూ కలగాపులగమైపోయి, "ఇంతకీ ఆ ఇల్లు అమ్మేశారా?" అంది. నాన్న, "సినిమాలో ఇల్లెక్కడుందే?" అన్నారు. వాళ్లిద్దరికీ తెగేసరికి క్లైమాక్స్ అయిపోయింది.

రేపు కనుమ. గారెలకి మినప్పప్పు నానబోయడం నా వంతు. తమ్ముడు రేపు రాత్రి బస్సుకి బెంగళూరు వెళ్లిపోతాడట, ఆ నవల సూట్‌కేసు పక్కన పెట్టుకున్నాడు అప్పుడే. "చదివి పంపించేస్తాలే అక్కా" అన్నాడు. పోయినేడాది పట్టుకెళ్లినవే ఇంకా రాలేదు. పప్పు నానబోసి, మిగిలిన అరవై పేజీలూ ఈ రాత్రికే లాగించేయాలి.