నిబంధన ఉల్లంఘించారంటే ఫీజంతా వాళ్లదైపోతుందా?

పోటీ పరీక్షల ఆన్‌లైన్ కోర్సుకు ఏడాది ఫీజు ముందే కట్టించుకున్న సంస్థ, మధ్యలో ఒకరోజు నిబంధనలు ఉల్లంఘించారంటూ లాగిన్ ఆపేసి, డబ్బు తిరిగి ఇవ్వబోమని చెబితే, అందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఖాతాను ఆపే అధికారం సంస్థకు ఉందా అన్నది ఒకటి, మిగిలిన నెలల డబ్బు అట్టిపెట్టుకునే అధికారం ఉందా అన్నది మరొకటి. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు మొదటిదానికే బెదిరిపోయి రెండోది అడగడం మానేస్తున్నారు.

మా అక్క కూతురు గ్రూప్-2 కోసం చిక్కడపల్లిలో ఉంటోంది. మాక్ టెస్ట్ మధ్యలో స్క్రీన్ తెల్లబడి, లాగిన్ పేజీ వచ్చి, "అనుమానాస్పద వినియోగం కారణంగా మీ ఖాతా శాశ్వతంగా నిలిపివేయబడింది" అన్న ఒక్క వాక్యం కనబడింది. ఆ నెలలోనే పాత ఫోన్ పాడై కొత్తది కొంది. వీడియోలు లాప్‌టాప్‌లో చూస్తుంది, సిటీ సెంట్రల్ లైబ్రరీలో మొబైల్ డేటా వాడుతుంది, గదికి వస్తే హాస్టల్ వైఫై. అదే వైఫై మీద పక్క మంచం అమ్మాయి అదే సంస్థ కోర్సును తన సొంత ఖాతాతో చూస్తుంది. సాఫ్ట్‌వేర్ కంటికి ఇదంతా ఒక ఖాతాను నలుగురు పంచుకున్నట్టే కనబడి ఉండవచ్చు. అది అనుమానించడంలో తప్పు లేదు. ఆ అనుమానాన్ని మనిషన్నవాడు ఒకసారి చూడకుండా, సంజాయిషీ అడగకుండా, శిక్షగా మార్చేయడమే తప్పు.

చట్టం ఈ విషయంలో విద్యార్థికి మనం అనుకునే దానికంటే ఎక్కువ అండగా ఉంది. విశ్వవిద్యాలయాలు, కళాశాలలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయా రావా అన్న వివాదం ఏళ్లుగా నడుస్తున్నా, కోచింగ్ కేంద్రాల సంగతి వేరని, వాటి సేవాలోపాలపై ఫిర్యాదులు వినవచ్చని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో స్పష్టంగా చెప్పింది. 2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం "అన్యాయమైన ఒప్పందం" అంటే ఏమిటో నిర్వచించింది. సహేతుకమైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు కల్పించే నిబంధన, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానాను వినియోగదారుపై మోపే నిబంధన, రెండూ ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. అటువంటి నిబంధన చెల్లదని ప్రకటించాలంటే మాత్రం జిల్లా కమిషన్ సరిపోదు, ఎర్రమంజిల్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ముప్పై వేల ఫీజు కోసం అంత దూరం అక్కర్లేదనుకునేవారు, నిబంధన జోలికి పోకుండా, డబ్బు తీసుకుని సేవ ఆపడం సేవాలోపమని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నా మటుకు నాకు ఈ రెండో దారే మేలనిపిస్తుంది.

డబ్బు సంగతికి వస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒప్పందం తప్పినవారు ఇంత కట్టాలని కాగితంలో ముందే రాసుకున్నా, అవతలి పక్షానికి దక్కేది ఆ మొత్తానికి మించని సహేతుకమైన పరిహారం మాత్రమే. ఏడాదికి ఇరవై నాలుగు వేలు కట్టిన విద్యార్థి ఖాతాను మూడో నెలాఖరులో మూసేశారనుకుందాం. వాడుకున్నది ఆరు వేల సేవ. నిజంగానే ఒక స్నేహితుడికి పాస్‌వర్డ్ ఇచ్చాడని ఒప్పుకున్నా, దానివల్ల సంస్థకు పోయింది ఏమిటి? ఆ స్నేహితుడు విడిగా కొనేవాడే అనుకుంటే అతని ఫీజు, అదీ వాడుకున్నంత కాలానికి. మిగిలిన పద్దెనిమిది వేలు మొత్తంగా ఉంచుకోవడానికి లెక్క చూపాల్సింది సంస్థే.

కొనేటప్పుడు "అంగీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్ పెట్టారు కదా అని సంస్థ అంటుంది. బేరమాడే అవకాశమే లేకుండా సంతకం పెట్టించుకున్న ఏకపక్ష నిబంధనలు వినియోగదారును కట్టిపడేయవని సుప్రీంకోర్టు 2019లో ఒక ఫ్లాట్ల వివాదంలో చెప్పింది. వివాదాలన్నీ ఫలానా నగరపు కోర్టుల్లోనే తేల్చుకోవాలన్న నిబంధనకూ జంకనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేసుకునే హక్కును కొత్త చట్టం ఇచ్చింది కాబట్టి హైదరాబాద్‌లో ఉంటున్నవారు హైదరాబాద్‌లోనే వేయవచ్చు. వివాదాన్ని కోర్టు బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా అంతే.

అయితే ఈ మాటలన్నీ అందరికీ వర్తించవు. వీడియోలు రికార్డు చేసి టెలిగ్రామ్ గ్రూపులో వందకీ రెండొందలకీ అమ్మినవారికి నా సానుభూతి లేదు. లాభం కోసం తిరిగి అమ్మేవారిని చట్టం వినియోగదారుగానే చూడదు, పైగా అది కాపీరైట్ నేరం.

ఖాతా మూతపడగానే చేయవలసిన పని వాదన కాదు, కాగితాల సేకరణ. రసీదు, బ్యాంకు ఎంట్రీ, నిలిపివేత సందేశం స్క్రీన్‌షాట్, కొన్ననాటికి అమలులో ఉన్న నిబంధనల ప్రతి ఉండాలి. నిబంధనల పేజీ అడుగున సవరించిన తేదీ ఉంటుంది, అది కొన్న తేదీ తర్వాతదైతే ఆ సంగతి ఫిర్యాదులో తప్పక రాయాలి. తరవాత సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. మా అమ్మాయి ఆ మెయిల్‌లో మూడే అడిగింది: ఏ నిబంధన, ఏ తేదీన, ఏ ఆధారంతో. ఆ ఖాతాలో ఎప్పుడెప్పుడు లాగిన్ అయ్యారో ఆ వివరాలు పంపమంది. వివరాలు రాలేదు గానీ, వాడని నెలల డబ్బు మాత్రం వెనక్కి వచ్చింది. రాకపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కమిషన్‌కు వెళ్లేవాళ్లం. ఐదు లక్షల లోపు చెల్లింపులకు ఫిర్యాదు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కేసు మూడు నెలల్లో తేలాలని చట్టంలో ఉన్నమాట నిజమే కానీ, దాన్ని నమ్ముకుని పరీక్ష తేదీలు లెక్కవేసుకోకండి.

కోర్సును ఈఎంఐ మీద కొన్నవారి పరిస్థితి మరింత చిక్కు, ఎందుకంటే అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీతో ఉన్న ఒప్పందం వేరు. పాఠాలు ఆగిపోయాయి కదా అని కోపంతో వాయిదా ఎగ్గొడితే దెబ్బ తగిలేది సంస్థకు కాదు, మీ సిబిల్ స్కోరుకు. సేవ ఆగిన రోజే ఆ కంపెనీకీ రాతపూర్వకంగా తెలియజేసి, కోర్సు సంస్థతో పాటు దాన్ని కూడా ఫిర్యాదులో ప్రతివాదిగా చేర్చి, మిగిలిన వాయిదాలు వసూలు చేయకుండా మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని కమిషన్‌ను అడగవచ్చు.