డబ్బాలో ఏమీ లేదు బాబాయ్
ఒడిశాలోని రాయగడ ఆఫీసులో 12 పాత కంప్యూటర్లు తీసేసి థిన్ క్లయింట్లు పెట్టాం. అంటే చిన్న డబ్బాలు; పనీ, ఫైళ్ళూ అన్నీ సర్వర్‌లోనే, డబ్బా తెర చూపిస్తుందంతే. మొదట నేను చూసింది ధర ఒక్కటే. అదే తప్పు. ఎక్సెల్ బాగానే నడిచింది. వీడియో మీటింగ్ తెరవగానే మాట ముందు, మూతి కదలడం తర్వాత! హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోని విప్పే హార్డ్‌వేర్ ఆ చవక డబ్బాలో లేదు, భారమంతా బక్క ప్రాసెసర్ మీదే. రెండో మానిటర్‌కి పోర్టూ లేదు. అందుకే ఈసారి వేరే రకం డబ్బా ఒకటే తెచ్చి, వారం వాడి చూశాకే మిగతావి కొన్నాం.

మా అకౌంటెంట్ బాబాయికి వేరే బెంగ. "ఇంత చిన్న డబ్బాలో నా లెక్కలన్నీ పడతాయంటావా?"

నిన్న కరెంటు పోయింది. సర్వర్ యూపీఎస్ మీద ఉంది కాబట్టి సెషన్, అంటే అక్కడ తెరిచి ఉన్న బాబాయి పని, అలాగే ఉంది. మళ్ళీ లాగిన్ అయితే ఆయన వదిలేసిన గడి దగ్గరే కర్సర్. పక్కాయనకి ఒడియాలో గొప్పగా చెబుతున్నారు, అదంతా తన జాగ్రత్తే అన్నట్టు.