మర్యాద రామన్న
మొన్న ఇంట్లో ఇద్దరు గొడవ పడుతుంటే మధ్యలో దూరాను, "వచ్చాడండీ మర్యాద రామన్న" అని ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఆ పేరు వెటకారం ఎప్పుడైందో గానీ అసలు కథ వేరు. నలుగురు దొంగలు పేదరాశి పెద్దమ్మ దగ్గర డబ్బు బిందె దాచి, నలుగురం కలిసొచ్చి అడిగితేనే ఇవ్వమంటారు, వాళ్లలో ఒకడు ఏదో మాయమాట చెప్పి బిందెతో ఉడాయిస్తే మిగతా ముగ్గురూ ఆమె మీదే ఫిర్యాదు చేస్తారు, సొమ్ము కట్టాల్సిందేనని తీర్పు కూడా వచ్చేస్తుంది. అప్పుడు రామన్న అనే కుర్రాడు అంటాడు: షరతు ప్రకారం నలుగురూ రావాలిగా, నాలుగోవాణ్ని తీసుకురండి, ఇస్తుంది! ఏం లా పాయింట్ పట్టాడండీ.

ఇక్కడ మర్యాదంటే అండీ, గారూ అనడం కాదు, దాటకూడని హద్దు. 2010లో రాజమౌళి ఇదే పేరుతో తీసిన సినిమాలో తీర్పులేం లేవు, ఇంటికొచ్చిన అతిథిని గడప లోపల చంపకూడదనే పట్టింపు మీదే కథంతా నడుస్తుంది, అంటే రామన్న పక్కకెళ్లి మర్యాదే హీరో అయిపోయింది (ఆ సినిమా హీరో సునీల్ ఏమనుకోడు లెండి). అదీ బాగానే ఉంది.

కాకపోతే, పెద్దమ్మకి ముందు ఆ తప్పుడు తీర్పిచ్చిన పెద్దమనిషి పేరేంటో మాత్రం నాకెవరూ చెప్పలేదు.